మలుపు దగ్గర అమ్మమ్మ

మా అమ్మ షికాగో వచ్చి నాలుగు నెలలయింది. చీర మీద నా పాత కోటు, తలకు మఫ్లరు, కాళ్లకు బూట్లు. రోజూ మధ్యాహ్నం మనవరాలిని బడి నుంచి తీసుకురావడానికి నడిచి వెళ్తుంది. రెండో వారంలోనే మా అమ్మాయి నా దగ్గరికి వచ్చి, “అమ్మమ్మను గేటు దాకా రావద్దని చెప్పమ్మా, మలుపు దగ్గర ఉంటే చాలు” అంది. మందలించబోయాను. చదువుకునే రోజుల్లో నేను, నెయ్యి డబ్బాతో గుంటూరు హాస్టలుకు వచ్చిన తాతయ్యను స్నేహితురాళ్ల కంట పడకుండా పంపించేసిన సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఆ శనివారం ముగ్గురం హాల్‌స్టెడ్ వీధిలోని హల్ హౌస్‌కు వెళ్లాం. వలస కూలీల కోసం పనిచేసిన సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్, ఆమె స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో ఆ పాత భవనంలో కాపురం పెట్టారు. చుట్టూ ఇటలీ, గ్రీసు, రష్యాల నుంచి వచ్చిన కూలీల ఇరుకు ఇళ్లు. దూరం నుంచి దానం చేయకుండా, వాళ్ల మధ్యే ఉంటూ పని చేయాలన్నది లండన్ పేదవాడలో చదువుకున్నవాళ్లు కాపురముండి సేవ చేసే టోయిన్బీ హాల్‌ను చూసి ఆడమ్స్ తెచ్చుకున్న ఆలోచన. పసిపిల్లల బడి, రాత్రిపూట ఇంగ్లిషు తరగతులు, ఇలా పెరుగుతూ 1907 నాటికి అది పదమూడు భవనాలయింది. 1960లలో విశ్వవిద్యాలయం కోసం చాలావరకు కూల్చేశారు. మిగిలినవి రెండే.

నేను వాళ్లను తీసుకెళ్లింది మాత్రం ఏంజెలీనా కథ కోసం. 1900లో ఆడమ్స్ అక్కడ శ్రమ మ్యూజియం తెరిచారు. వలస వచ్చిన తల్లులు తమ ఊళ్లలోలాగే అందరి ముందూ నూలు వడికేవారు. ఏంజెలీనా తల్లిది ఇటలీలో ఒక పల్లె. తలకు గుడ్డ, కాళ్లకు మోటు బూట్లు. శనివారం సాయంత్రం ఇద్దరూ కలిసే వచ్చేవారు. తల్లిని ముందు తలుపు దగ్గర వదిలి, కూతురు పక్క తలుపు నుంచి వంట తరగతికి వెళ్లేది. ఒకరోజు విద్యా కళాశాల నుంచి వచ్చినవాళ్లు తల్లి చుట్టూ మూగి మెచ్చుకుంటుంటే చూసింది. ఆ ఊరి ఆడవాళ్లు కొండ అంచున నిలబడి కదురును లోయలోకి వదిలేవారని, అందుకే అంత పనితనం అబ్బిందని ఆడమ్స్ ఏంజెలీనాకు చెప్పారు. ఆ తర్వాత ఏంజెలీనా తల్లి వచ్చే తలుపు నుంచే వచ్చింది. మంచం కింద పెట్టెలో దాచిన ఇంటి నేత బట్టలూ బయటికొచ్చాయి.

అందరూ మెచ్చుకునే ఈ కథలో నాకు గుచ్చుకునేది ఒకటుంది. ఇంట్లో రోజూ కనిపించే తల్లే కదా! బయటివాళ్లు మెచ్చుకుంటే గానీ ఆ పిల్ల కంటికి ఆనలేదు. మా పిల్లలకూ ఎవరైనా టీచరు వచ్చి చెప్పాలా?

అమ్మ ఇవేమీ పట్టించుకోలేదు. “కదురంటే తకిలే కదా! మా బడిలో అరుగు మీద నిలబడి వదిలేవాళ్లం. నూలు తెగకుండా నేలకు తాకితే గెలిచినట్టు.”

“నువ్వు గెలిచేదానివా అమ్మమ్మా?”

“ఒక్కసారీ లేదు.”

మా అమ్మాయి పగలబడి నవ్వింది. అమ్మ సంచీలోని మందుల సీసా తీసి, మూత కింది దూది లాగి, చీరకుచ్చిళ్ల మీద మోకాలికి ఆనించి వత్తి చేసింది. మనవరాలు చేసింది మధ్యలో ఉబ్బి, గొంగళిపురుగులా వచ్చింది.

సోమవారం మళ్లీ మలుపు దగ్గరే నిలబడింది అమ్మ. గేటు దాకా వెళ్లమని నేనూ చెప్పలేదు.