పదకొండు వేల బేస్‌బాల్ కార్డులు, రెండు శనివారాలు

ఏప్రిల్ 6, 2024

న్యూజెర్సీలో మా పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్ముకొని ఫ్లోరిడాకు వెళ్తూ, ముప్పై ఏళ్లుగా బేస్‌మెంట్‌లో పడి ఉన్న, ఆటగాళ్ల బొమ్మలుండే బేస్‌బాల్ కార్డులను 60 డాలర్లకు నాకు ఇచ్చేశారు. ఒక్కొక్కటి 3,200 కార్డులు పట్టే అట్టపెట్టెలు మూడు నిండుగాను, నాలుగోది సగం వరకును ఉన్నాయి కనుక మొత్తం 11 వేల పైచిలుకని లెక్క వేసుకున్నాను. చిన్నప్పుడు విజయవాడలో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మలను పోగుచేసిన అనుభవం తప్ప ఈ విషయంలో నాకు వేరే అర్హత లేదు. బేస్‌బాల్ గురించి నాకు తెలిసినదంతా పన్నెండేళ్ల మా అబ్బాయి చెప్పినదే. వీటిని వేసవిలో ఇంటి ముందు గరాజ్ సేల్ పెట్టి అమ్మాలని ఇద్దరం అనుకున్నాం.

ఏప్రిల్ 20

సంవత్సరాల వారీగా వేరు చేయడం పూర్తయింది. ఒక కట్ట అమెరికన్ ఫుట్‌బాల్ కార్డులను మినహాయిస్తే దాదాపు అన్నీ 1986కూ 1992కూ మధ్య వచ్చినవే, అంటే సేకరించేవాళ్లు ‘జంక్ వ్యాక్స్’ అని పిలిచే కాలానివి. మైనపు కాగితంలో చుట్టి అమ్మిన ఆ పొట్లాలను కంపెనీలు అప్పట్లో లెక్కాపత్రం లేకుండా అచ్చు వేశాయి. ఎప్పటికైనా పిల్లల చదువులకు అక్కరకొస్తాయని జనం వాటిని పెట్టెలకు పెట్టెలు దాచుకున్నారు. అందరూ దాచుకున్నందువల్లనే ఈనాడు వాటిలో అత్యధిక భాగానికి పావు డాలరు కూడా పలకదు.

నష్టం కూడా కొంత కనిపించింది. పెద్దాయన రబ్బరు బ్యాండ్లు బిగించి ఉంచిన కట్టల్లో పైకార్డుకూ అడుగుకార్డుకూ అంచు మధ్యలో చిన్న గాటు పడింది. నున్నని పూత ఉన్న 1991 నాటి స్టేడియం క్లబ్ అనే రకం కార్డులు తేమకు ఒకదానికొకటి అంటుకొని ఇటుకలా బిగుసుకుపోయాయి. లాగితే పూత ఊడి వస్తుంది కనుక, కట్టను రెండు చేతులతో పట్టుకొని అటూ ఇటూ మెల్లగా వంచుతూ విడదీయవలసి వచ్చింది. పదిలో ఏడెనిమిది దక్కాయి.

మే 4

ధరలు నిర్ణయించేటప్పుడు నేను నేర్చుకున్న మొదటి సంగతి, ఈబేలో అమ్మేవాళ్లు అడుగుతున్న ధరను కాక, నిజంగా అమ్ముడైన ధరను మాత్రమే చూడాలన్నది. రెండింటికీ హస్తిమశకాంతరం ఉంటుంది. చెక్కపలకను తలపించే అంచున్న టాప్స్ కంపెనీ 1987 సెట్‌లో (ఒక ఏడాది వరుస నంబర్లతో వచ్చిన కార్డులన్నీ కలిపి ఒక సెట్) బ్యారీ బాండ్స్, మార్క్ మెగ్వైర్ కార్డులు చూసి ఎంతో సంబరపడ్డాను కాని, స్టెరాయిడ్ల వివాదం తరవాత వాటి వెల బాగా దిగిపోయిందని అబ్బాయి చల్లగా చెప్పాడు. చివరకు విడిగా పెట్టదగినవి ఇరవై మాత్రమే తేలాయి. వాటిలో పెద్దది అప్పర్ డెక్ కంపెనీ 1989 సెట్‌లోని ఒకటో నంబరు, అంటే కెన్ గ్రిఫీ జూనియర్ రూకీ కార్డు (ఆటగాడు కొత్తగా వచ్చినప్పటి తొలి కార్డు, సేకరించేవాళ్లు ఎక్కువగా కోరుకునేది). ఒక మూల కొద్దిగా నలిగింది కనుక దాన్ని గ్రేడింగ్‌కు, అంటే కార్డు స్థితికి మార్కులు వేయించడానికి పంపితే ఆ రుసుమే మీద పడుతుంది. ఆ ఇరవైనీ ముందు పల్చని ప్లాస్టిక్ స్లీవ్‌లోకి, ఆపైన టాప్ లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులోకి ఎక్కించాను. స్లీవ్ లేకుండా నేరుగా టాప్ లోడర్‌లోకి తోస్తే అంచులు గీసుకుపోతాయి. ధర చీటీ ఎప్పుడూ టాప్ లోడర్ మీదనే అంటించాలి.

మే 18, మొదటి అమ్మకం

ఎనిమిదింటికి మొదలని బోర్డు మీద రాసినా, ఏడు గంటలకే ఒక వ్యాపారి వచ్చి, మొత్తం గంపగుత్తగా 40 డాలర్లకు ఇస్తారా అని అడిగాడు. నేను ఒప్పుకోలేదు. అప్పుడాయన తొందరేమీ లేనట్లుగా విడి కార్డుల పెట్టె ముందు కూర్చొని, ఒకటి పావు డాలరు, అయిదయితే ఒక డాలరు అన్న లెక్కన అయిదు ఫుట్‌బాల్ కార్డులు ఏరుకొని వెళ్లాడు. అదే మా బోణీ. సాయంత్రం అబ్బాయి అడిగితే గుర్తు చేసుకొని చెప్పాను: అవి స్కోర్ కంపెనీ 1989 కార్డులు, ఒకదాని మీద బ్యారీ శాండర్స్, ఇంకొకదాని మీద ట్రాయ్ ఎయిక్‌మన్ పేర్లు ఉన్నాయి. వాడు తల పట్టుకున్నాడు. ఆ ఇద్దరికీ అవి రూకీ కార్డులు. బేస్‌బాల్ ధరలే చూసుకుంటూ ఆ ఫుట్‌బాల్ కట్టను నేను విప్పి కూడా చూడలేదు.

పదిగంటల ఎండకు టాప్ లోడర్లలోని కార్డులు విల్లులా వంగసాగాయి. బల్లను గరాజ్ నీడలోకి జరిపాం. గాలికి ఎగిరిపోకుండా పెట్టెల మీద సన్నెకల్లు పొత్రం పెట్టవలసి వచ్చింది. ఒక్క డాలరు నోట్లు 40, పావు డాలరు నాణేలు ఒక చుట్ట ముందే తెచ్చి ఉంచడం వల్ల చిల్లరకు ఇబ్బంది రాలేదు. గ్రిఫీకి 40 చెప్పి 30కి ఇచ్చాను, మిగిలినదంతా కలిపి 17 డాలర్లు వచ్చాయి. వచ్చినవాళ్లలో చాలామంది పెట్టెను రెండు నిమిషాలు కెలికి, “మెట్స్ కార్డులు ఎక్కడున్నాయి?” అని న్యూయార్క్ జట్టు కార్డుల కోసం అడిగి, నేను చూపలేకపోయేసరికి వెళ్లిపోయారు. సంవత్సరాల వారీగా పేర్చడంలో ఉన్న పొరపాటు అప్పుడు తెలిసింది. ఇంటి ముందు ఆగేవాడికి కావలసింది ధరల పుస్తకంలోని అంకె కాదు, తాను చిన్నప్పుడు కేకలు వేసిన జట్టు.

జూన్ 2

రెండు వారాల రాత్రుళ్లు జట్లవారీగా పంచడానికే పట్టాయి. ఆ రోజుల్లో బేస్‌బాల్ అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో జట్లు 26 కనుక డైనింగ్ టేబుల్ మీద 26 కుప్పలు వెలిశాయి. “ఏవండీ, ఈ పూట యాంకీస్ మీద వడ్డించమంటారా, మెట్స్ మీదనా?” అని మా ఆవిడ అడిగింది. ఒక్కొక్క జిప్ కవర్లో 80 కార్డులు వేసి, ఊరించే ముఖం ఒకటి పైకి కనిపించేలా పెట్టి, కవరు 3 డాలర్లు, రెండయితే 5 అని రాశాం. 1987 టాప్స్ సెట్‌లోని 792 కార్డుల్లో 781 దొరికాయి. లేని పదకొండింటి నంబర్లను చీటీ మీద రాసి, పెట్టెకు అంటించి 10 డాలర్లు పెట్టాను.

జూన్ 8, రెండో అమ్మకం

కవర్లు 24 అమ్ముడయ్యాయి, వాటికి 64 డాలర్లు. సెట్ 10, టాప్ లోడర్లలోవి 22. మొత్తం 96. సగానికి పైగా కవర్లు మెట్స్, యాంకీస్‌వే. యాభై దాటిన ఒకాయన మెట్స్ కవర్లు రెండు కొని, కారు దాకా కూడా వెళ్లకుండా మా డ్రైవ్‌వే అంచున కూర్చొని, డ్వైట్ గూడెన్, డ్యారిల్ స్ట్రాబెర్రీ కార్డులను మోకాలి మీద పరుచుకొని, 1986లో వాళ్లు బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచిన రాత్రి తన తండ్రి ఇంట్లో ఏం జరిగిందో మా అబ్బాయికి అరగంట చెప్పాడు. ఆయన వెనుక నిలబడి విన్న ఇద్దరు కూడా తలా ఒక కవరు కొన్నారు.

జూన్ 9

రెండు అమ్మకాలకూ కలిపి 143 డాలర్లు వచ్చాయి. కార్డులకు 60, స్లీవ్‌లు, టాప్ లోడర్లు, కవర్లు, టౌన్‌షిప్ పర్మిట్ అన్నిటికీ 27 పోగా 56 మిగిలాయి. కూలి కట్టుకుంటే సిగ్గుపడవలసిన అంకె; కట్టుకోలేదు. ఇంకా 8 వేల కార్డులు ఉన్నాయి.

మాంట్రియల్ ఎక్స్‌పోస్ కవర్లను ఒక్కరూ ముట్టలేదు. 2005లో ఆ జట్టు వాషింగ్టన్‌కు తరలిపోయింది, దాని కోసం వెతికేవాళ్లు మా వీధికి రారు. ఫుట్‌బాల్ కట్ట నేర్పిన పాఠం గుర్తుంది కనుక వాటిని విప్పి మరోసారి చూశాం. 1989 కార్డుల్లో రాండీ జాన్సన్ రూకీలు రెండు దొరికాయి. రెండూ స్లీవ్‌లలోకి ఎక్కాయి, సెప్టెంబరు సేల్‌కు ముందు వరుసలో ఉంటాయి.