ఎక్కుడులో ఆపితే పలకని ఇంజిన్

మొదటి రాత్రి మా లారీని దిగుడులో, ముక్కు కిందికి ఉండేలా ఆపాం. ట్యాంకు నిండుగా ఉంది. తెల్లారి సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంది. రెండో రాత్రి ఘాట్ మధ్యలో ముక్కు పైకి పెట్టి ఆపాల్సొచ్చింది, అప్పటికి ట్యాంకులో పావు వంతే మిగిలింది. పొద్దున పది పదిహేను సెకన్ల చొప్పున, మధ్యలో నిమిషం ఆగుతూ, నాలుగు సార్లు తిప్పితే గానీ లేవలేదు. లేచాక కూడా కాసేపు తడబడింది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు లోడు లాక్కుంటూ ఘాట్ ఎక్కేసింది.

రోగం సగం ఈ రెండు పొద్దుల తేడాలోనే ఉంది. ఇది పాత లారీ: సిలిండర్లకు ప్రెషర్‌తో డీజిల్ కొట్టే లైన్ పంపు, దాని పక్కన ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు, ఫీడ్ పంపు నెత్తిన లైన్‌ను చేత్తో కొట్టి నింపే ప్రైమర్. ముక్కు పైకి ఉంటే ఇంజిన్ ఎత్తులో, ట్యాంకు పల్లంలో ఉంటాయి. లైన్లో ఎక్కడైనా సందు ఉంటే రాత్రంతా గాలి అందులోంచి దూరి, డీజిల్ మెల్లగా వెనక్కి ట్యాంకులోకి దిగిపోతుంది. ట్యాంకు నిండుగా ఉండి బండి ముక్కు కిందికి ఉంటే డీజిల్ తన బరువుతోనే పంపు దాకా నిలబడుతుంది. అందుకే మొదటి పొద్దున మాకేమీ తెలియలేదు.

ఘాట్ దిగాక టీ కోసం ఆగిన చోట ఒక మెకానిక్ మా మాట సగమే విని, "పంపు పోయిందన్నా, దించెయ్యాల" అన్నాడు, లైన్ పంపునే. దించడమంటే టైమింగ్ గుర్తులు తప్పకుండా మళ్లీ కూర్చోబెట్టాలి, బెంచి మీద క్యాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) చేయించాలి. అంత పనికి ముందు రుజువు కావాలి. పైగా పంపు అరిగిన బండి, ముఖ్యంగా రోటరీ పంపు (ఇంకో రకం డీజిల్ పంపు) ఉన్నది, ఎక్కువగా వేడి మీదే మొండికేస్తుంది. కాగిన డీజిల్ పలచబడి, అరిగిన సందుల్లోంచి జారిపోతుంది కాబట్టి ప్రెషర్ రాదు. పంపు మీద తడిగుడ్డ కప్పి చల్లబడనిచ్చాక స్టార్ట్ అయితే అనుమానం పంపు మీదికే పోవాలి. (కాలుతున్న పంపు మీద బిందెడు నీళ్లు మాత్రం గుమ్మరించొద్దు, పట్టేస్తుంది.) మా బండి వేడి మీద ఒక్క చిటికెలో లేస్తోంది.

మూడో పొద్దున సెల్ఫ్ ముట్టుకోకముందే ప్రైమర్ మర విప్పి కొట్టి చూశాం. లైన్ నిండుగా ఉంటే నాలుగైదు దెబ్బలకే చేతికి గట్టిగా తగలాలి. మాది నలభై దెబ్బల దాకా దూదిని నొక్కినట్టు మెత్తగా పోయి, ఆ తర్వాత గట్టిపడింది. అప్పుడు సెల్ఫ్ కొడితే మొదటి తిప్పుకే లేచింది. డీజిల్ వెనక్కి దిగిపోతోందని అక్కడ తేలింది. నాలుగు దెబ్బలకే గట్టిపడి కూడా లేవకపోయి ఉంటే బ్యాటరీ, కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు), సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల వైపు వెళ్లేవాళ్లం. సైలెన్సర్ కూడా ఇదే చెబుతుంది. సెల్ఫ్ తిరుగుతున్నా పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు. తెల్లపొగ కక్కుతుంటే డీజిల్ అందుతోంది, మండడం లేదు.

ఇక సందు ఎక్కడ? ఫీడ్ పంపుకు ఇవతల, ట్యాంకు వైపు లైన్‌తో ఒక చిక్కుంది: ఇంజిన్ నడుస్తున్నప్పుడు అక్కడ డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. తడి కోసం వెతికితే దొరకదు. ఫీడ్ పంపుకు వచ్చే చోట ఒక జానెడు పారదర్శక గొట్టం వేసి ఇంజిన్ నడిపాం. ఆవగింజలంత బుడగలు వరసగా వస్తున్నాయి. తర్వాత ట్యాంకు లైన్ విప్పి పక్కన పెట్టి, శుభ్రమైన క్యాన్‌లో ఐదు లీటర్ల డీజిల్ పోసి, అందులోంచి నేరుగా ఫీడ్ పంపుకు గొట్టం ఇచ్చాం. బుడగలు ఆగిపోయాయి. అంటే ఫీడ్ పంపు బాగుంది, తప్పు దానికీ ట్యాంకుకీ మధ్యలోనే.

మధ్యలో ఉన్నవి మూడే: ట్యాంకు లోపలి పీల్చే పైపు, నీళ్లు వేరుచేసే గిన్నె, ఛాసిస్ పైపుకూ ఇంజిన్‌కూ మధ్య రబ్బరు గొట్టం. గిన్నె వాషర్ మీద అనుమానపడి ముందు దాన్నే మార్చాం. బుడగలు తగ్గలేదు. రబ్బరు గొట్టం క్లిప్పు వదులు చేసి వెనక్కి జరిపితే, సరిగ్గా క్లిప్పు కింద, గోరు పట్టేంత చీలిక! పైనుంచి చూస్తే గొట్టం కొత్తదానిలా ఉంది. చీలిక మేర కోసి పారేసి, మిగిలింది పొడవు చాలింది కాబట్టి దాన్నే లాగి బిగించాం. బాంజో బోల్టు (డీజిల్ లోపలి నుంచి పారే బోలు బోల్టు) విప్పాల్సిన చోట రాగి వాషర్లు కొత్తవి లేవు, పాతవాటినే ఎర్రగా కాల్చి చల్లార్చాం. వాడిన రాగి గట్టిపడుతుంది, కాలిస్తే మళ్లీ మెత్తబడి కూర్చుంటుంది.

ఆ తర్వాత ఎయిర్, అంటే లైన్లో చిక్కిన గాలి, తీశాం. ముందు ఫిల్టర్ నెత్తి మీది స్క్రూ వదిలి, నురగ పోయి డీజిల్ నిఖార్సుగా వచ్చేదాకా ప్రైమర్ కొట్టి బిగించాలి. తర్వాత పంపు మీది స్క్రూ అలాగే. చివర్లో ప్రైమర్ మర బిగించడం మరవకూడదు, మరిస్తే అదే ఇంకో సందు. నాజిల్ నట్లు వదలాల్సి వస్తే సెల్ఫ్ తిప్పేటప్పుడు వేలు అక్కడ పెట్టొద్దు. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.

నాలుగో రాత్రి కావాలనే ఎక్కుడు చూసుకుని ముక్కు పైకి పెట్టి ఆపాం. ట్యాంకులో పావుకన్నా తక్కువే ఉంది. తెల్లారి ప్రైమర్ మూడో దెబ్బకే గట్టిగా తగిలింది, సెల్ఫ్ కొట్టగానే లేచింది. పారదర్శక గొట్టంలో ఒక్క బుడగ లేదు. వేడికి అది గట్టిపడి పగులుతుంది కాబట్టి, బయల్దేరే ముందే తీసేసి పాత కనెక్షన్ బిగించాం.