ముత్తాతగారి షేవింగ్ మగ్గు

మా ఆయనది పెన్సిల్వేనియా. వాళ్ల ముత్తాతగారి పింగాణీ షేవింగ్ మగ్గు, అంటే గడ్డం గీయడానికి సబ్బు నురగ చేసుకునే కప్పు, మొన్న మా ఇంటికొచ్చింది. మీద బంగారు అక్షరాల్లో ఆయన పేరు, పక్కన రైలింజను బొమ్మ. అప్పట్లో ఇక్కడ అమెరికాలో బార్బర్ షాపు అరల్లో ఎవరి మగ్గు వాళ్లకుండేది. చాలామంది తమ వృత్తి బొమ్మ వేయించుకునేవారు. అంటే ఈయన రైల్వే మనిషే అయ్యుండాలి! మా తాతయ్యా కాజీపేటలో రైల్వేనే. ఒళ్లు జలదరించింది.

తిరగేస్తే అడుగున ‘లిమోజ్, ఫ్రాన్స్’ ముద్ర. తెల్ల మగ్గులు యూరప్ నుంచి వచ్చేవి, పేర్లూ బొమ్మలూ అమెరికాలో వేసేవారు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని 1890 టారిఫ్ చట్టం చెప్పింది కాబట్టి, బహుశా ఆ తర్వాతిదే. 1903లో జిల్లెట్ సేఫ్టీ రేజర్ అమ్మకానికొచ్చింది, జనం ఇంట్లోనే గడ్డం గీసుకోవడం పెరిగి, మెల్లగా ఆ అరలు ఖాళీ అయ్యాయి.

బంగారం పోతుందని తోమలేదు. మెత్తటి గుడ్డతో తుడిచి తాతయ్య ఫోటో పక్కన పెట్టాను.