సదుపాయం అడగడం అంటే రాసి ఇవ్వడం

బధిర విద్యార్థులుగా యూనివర్సిటీలో చేరుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మొదటి వారంలోనే సదుపాయాల కోసం దరఖాస్తు పెట్టండి. వికలాంగుల హక్కుల చట్టం 2016, 16వ సెక్షన్ అని రాసి, యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) నకలు జతచేయండి. మీ కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు, ముద్ర వేయించుకోండి. లేదంటే రేపు అందలేదంటారు.

"తగిన సౌకర్యాలు కల్పించగలరు" అని రాస్తే ఎవరూ కదలరు. ఏం కావాలో విడమరచి రాయాలి. గంట దాటే క్లాసుకు సైగభాష ఇంటర్‌ప్రెటర్లు ఇద్దరుండాలి, ఇరవై నిమిషాలకోసారి మారాలి. ఒక్కరే అయితే అలసిపోతారు, పాఠం సగం జారిపోతుంది. నష్టపోయేది మనమే. స్లైడ్లు ముందురోజే ఇవ్వాలి, ఎందుకంటే సాంకేతిక పదాలకు సైగలు ముందే అనుకోవాలి. ప్రొజెక్టర్ కోసం లైట్లన్నీ ఆర్పేస్తే చేతులు కనిపించవు. ఇంటర్‌ప్రెటర్ మీద ఒక లైటు వెలగాలి, వెనక కిటికీ ఉండకూడదు. ఇది ఖర్చులేని పని, అయినా ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

ఆటో క్యాప్షన్లు (మాటల్ని కంప్యూటరే విని తెరమీద చూపే అక్షరాలు) చాలు కదా అంటే ఒప్పుకోకండి. మన లెక్చరర్లు తెలుగూ ఇంగ్లిషూ కలిపి చెబుతారు, అక్కడే అవి తప్పుతాయి. బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదవులూ కనిపించవు.

వైవా, ల్యాబ్ పరీక్షల సంగతి విడిగా రాయండి: ప్రశ్నలు కాగితం మీద ఇమ్మనండి.