మా వ్యాపారానికి పేరు దొరికింది, 14 నెలలకి

నిన్న సాయంత్రం కాగితం చేతికొచ్చింది. మా పేరు మాదే అని ముద్ర పడింది. ఈ సంతోషమూ, దాని వెనకున్న కోపమూ చల్లారకముందే రాసేస్తున్నాను. లేకపోతే నెల తర్వాత "ఆఁ, అంతా సాఫీగానే అయింది" అని నేనే అందరికీ చెప్పుకుంటూ తిరుగుతాను.

మాది పాత కుర్చీలు, బల్లలు, బీరువాలు బాగుచేసే పని. నేనూ మా బావమరిదీ కలిసి మొదలుపెట్టాం. షెడ్డు, పనిముట్లు, బ్యాంకు ఖాతా, అన్నీ మూడు వారాల్లో అమిరాయి. పేరు దగ్గరే బండి కూరుకుపోయింది.

మొదట పేరులోనే పని కనబడాలనుకున్నాం. కుర్చీల రిపేరు, బల్లల రిపేరు, ఆ వరస. తెలిసిన లాయరు ఒకాయన అక్కడే ఆపేశారు. చేసే పనినే పేరుగా పెట్టుకుంటే దాన్ని మీ సొంతం అనలేరు, రేపు పక్కవాడూ అదే బోర్డు రాయించుకుంటాడు, ఏమీ చెయ్యలేరు అన్నారు. కంప్యూటర్లు అమ్మేవాడు ఆపిల్ అని పెట్టుకుంటే అది గట్టి పేరు, ఆపిల్ పళ్లు అమ్మేవాడు పెట్టుకుంటే అది పేరే కాదట. బుర్రకెక్కింది.

తర్వాత మా బావమరిది కెమెరాల కంపెనీ కొడాక్ కథ పట్టుకొచ్చాడు. దాన్ని పెట్టిన జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో ఆ మాటని ఏ భాషలోంచీ తీసుకోలేదు. కె అక్షరం మీద ఇష్టం కొద్దీ, దానితో మొదలై దానితోనే ఆగేలా సొంతంగా అల్లుకున్నాడు. మేం మాత్రం తక్కువా అని ఒక ఆదివారమంతా కూర్చుని నలభై పేర్లు అల్లాం. రాత్రి మా ఆవిడకి చదివి వినిపిస్తే, "ఇవి భోజనానికి ముందు వేసుకోవాలా, తర్వాతా?" అంది. నిజమే, అన్నీ మందుబిళ్లల పేర్లలాగే ఉన్నాయి.

అప్పుడు నాకు తట్టింది: చేవ. మాను నడిమధ్య ముదిరి గట్టిపడిన భాగం. మనిషికైనా కర్రకైనా అది ఉంటేనే నిలబడతారు. రెండే అక్షరాలు. ఇంత మంచి మాట ఇన్నాళ్లూ ఎవరి కంటా పడకుండా నాకోసమే ఉందని రెండు రోజులు కాళ్లు నేలకి ఆనలేదు. కంపెనీల రిజిస్ట్రేషన్‌లో పెడితే రెండు రోజుల్లో ఓకే అయింది. ఇంకేం, బోర్డు రాయించాం, కార్డులు అచ్చేయించాం, రబ్బరు స్టాంపు చేయించాం. బోర్డు రాసినతను అందంగా ఉంటుందని పేరు పక్కన సున్నాలో ఆర్ కూడా పెట్టాడు. లాయరు చూసి తల పట్టుకున్నారు. టీఎమ్ అంటే ట్రేడ్‌మార్క్, ఈ పేరు మా వ్యాపారానిదే అని చెప్పే గుర్తు. దాన్ని ఎవరైనా పెట్టుకోవచ్చు కానీ, సున్నాలో ఆర్ ఆ ట్రేడ్‌మార్క్ రిజిస్టరు అయ్యాకే పెట్టాలి, చాలా దేశాల్లో ముందే పెడితే నేరం. గీకించేశాం. మచ్చ అలాగే ఉండిపోయింది.

కంపెనీ పేరు రిజిస్టరవడం వేరు, ట్రేడ్‌మార్క్ వేరు అని మాకు తెలిసింది అప్పుడే. మొదటిది, ఆ పేరుతో ఇంకో కంపెనీ నమోదు కాలేదని మాత్రమే చెబుతుంది. ఆ పేరు వాడుకునే హక్కు మీదేనని అది చెప్పదు. మూడోది వెబ్‌సైట్ చిరునామా, దాన్ని ఈ రెండింటికీ వేరుగా తీసుకోవాలి. మేం చూసేసరికి ఎవరో దాన్ని ఎప్పుడో కొనిపెట్టుకుని "అమ్మబడును" అని ఒక ఖాళీ పేజీ పెట్టి కూర్చున్నారు.

ట్రేడ్‌మార్క్ పని ఒక ఏజెంటుకి అప్పగించాం. లాయరు గారినే అడగాల్సింది, ఏజెంటు ఫీజు తక్కువని ఆశపడ్డాం. "సెర్చ్ చేశాను సార్, క్లియర్" అన్నాడు. ఆయన చేసిన సెర్చ్ ఏమిటంటే, సి హెచ్ ఇ వి ఎ అని కొట్టి, అచ్చంగా అదే స్పెల్లింగు ఇంకెవరికీ లేదని చూడటం. దానికి ఐదు నిమిషాలు పట్టి ఉండదు. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వాళ్ల గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్ ఉంది, ఉచితం, ఇంట్లో కూర్చుని నేనే చూసుకోవచ్చు. ఆ సంగతి కూడా ఆయన చెప్పలేదు.

ఆరు నెలలకి ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచి అభ్యంతరం వచ్చింది. మీ పేరు వినడానికి ఇంకొకరి పేరులా ఉంది, వచ్చి సమాధానం చెప్పుకోండి అని. ఆ రోజు ఏజెంటుకి వేరే పని పడింది. నేనే వెళ్లాను.

గదిలో నాతోపాటు ఇంకో పదిమంది ఉన్నారు, ఎవరి ఫైలు వాళ్ల ఒళ్లో. నా వంతు రాగానే లేచి నిలబడి చేవ అంటే ఏమిటో మొదలుపెట్టాను. మాను, దాని నడిమి భాగం, మనిషి గట్టితనం, ఇంట్లో అద్దం ముందు రిహార్సల్ చేసుకున్నదంతా చెప్పాను. గొంతు కూడా కాస్త వణికింది, అంత ఇదైపోయాను. అక్కడి అధికారి చివరిదాకా విని, "అర్థం బాగుందండీ. వచ్చిన కస్టమరుకి డిక్షనరీ కూడా ఇస్తారా?" అన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

తర్వాత గుమస్తాని పిలిచి నా కాగితం ఇచ్చి, "ఇది గట్టిగా చదువు" అన్నారు. అతను ఇంగ్లీషు అక్షరాలు చూసి, "చావా సార్?" అన్నాడు. ఈసారి గది మొత్తం నవ్వింది. "కాదు, చేవ" అన్నాను. "చేవా?" అని సాగదీశాడు. అవతలి వాళ్ల పేరు కూడా చదివించారు. అదొక అల్లిన మాట, ఇక్కడ రాయను. కాగితం మీద నాకు ఏ పోలికా కనబడలేదు. అతని నోట్లోంచి వచ్చేసరికి రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి.

"రెండు పేర్లూ పక్కపక్కన పెట్టుకుని ఎవరూ చూడరండీ. ఒకటి ఎప్పుడో విని ఉంటారు, సగం గుర్తుంటుంది, ఆ సగంతో ఇంకొకటి వింటారు" అన్నారాయన. చూపు, వినికిడి, అర్థం, మూడూ చూస్తారట. నేను అర్థం ఒక్కటే పట్టుకుని వేలాడాను.

అంతటితో అయిందా? మేం 20వ తరగతిలో వేశామని కూడా అక్కడే బయటపడింది. సరుకులూ సేవలూ కలిపి మొత్తం 45 తరగతులు, 1957లో నీస్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం. మొదటి 34 సరుకులకి, మిగతా 11 సేవలకి. 20 అంటే ఫర్నిచరు తయారుచేసేవాళ్లది. బాగుచేసేవాళ్లది 37. పక్కవాళ్ల ఇంటి తలుపు తట్టి, మా ఇంట్లోకి ఎందుకు రానివ్వరని కొట్లాడినట్టయింది నా పని. అడుగడుగునా సంతకం నాది కాబట్టి ఏజెంటుని ఏమీ అనలేకపోయాను. తర్వాత ఫోన్లో అన్నాను లెండి, అవి రాసేవి కావు.

ఇంటికొచ్చి అన్నం మానేసి పడుకున్నాను. మా బావమరిది తలుపు దగ్గర నిలబడి, "బావా, అమెజాన్ వాళ్లకే తప్పలేదు" అన్నాడు. 1994లో జెఫ్ బెజోస్ మొదట పెట్టుకున్న పేరు కడాబ్రా. ఆయన లాయరుకి ఫోన్లో అది కడావర్ అని వినబడిందట, అంటే శవం. "వాళ్లకి శవం, మనకి చావు, పెద్ద తేడా లేదు" అన్నాడు. తిట్టబోయి నవ్వాను.

ఆ తర్వాత మేం పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. పేరు తట్టగానే రాసుకోకుండా, ఈ సంగతేమీ తెలియని మనిషికి ఫోన్ చేసి ఒక్కసారి చెప్పడం, అతన్ని రాసి పంపమనడం. చుట్టాలు వద్దు, వాళ్లు బాగుందనే అంటారు. ఇలా పదకొండు పేర్లు పోయాయి. చేవ కూడా పెట్టి చూశాను, మనసొప్పక. ఐదుగురు ఐదు రకాలుగా రాశారు.

చివరి పేరు మా అమ్మది. ఆవిడకి తెలియదు పాపం. "ఆ ముక్కాలిపీట ఇటు జరుపు" అంది ఒకరోజు. నేనూ బావమరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముక్కాలి. ఆరుగురికి ఫోన్ చేస్తే ఐదుగురు ఒకేలా రాశారు. వెబ్ చిరునామా ఖాళీ. పీటలు తయారుచేసి అమ్మేవాడికైతే ఈ పేరు కష్టం, బాగుచేసేవాళ్లకి పరవాలేదని లాయరు గారు అన్నారు. ఈసారి ఫీజు ఆయనకే కట్టాం, 37లోనే వేశాం.

మా బావమరిది మాత్రం గునుస్తూనే ఉన్నాడు, ఒక కాలు తక్కువున్న పేరేంటి, జనం అపశకునం అనుకోరా అని. మూడు కాళ్లది ఎగుడుదిగుడు నేల మీద పెట్టినా ఊగదురా, ఊగేది నాలుగు కాళ్లదే అని కింద పెట్టి చూపించాను. ఒప్పుకోలేదు.

ఇవాళ పొద్దున మొదటి ఫోన్ వచ్చింది. ఎవరో పెద్దాయన. "ముక్కాలి వాళ్లేనా? మా ఇంట్లో సరిగ్గా మీ పేరున్న కుర్చీ ఒకటుంది, నాలుగోది వెయ్యాలి" అన్నారు. స్పీకరు పెట్టి బావమరిదికి వినిపించాను. వాడు మాట్లాడకుండా టేపు జేబులో వేసుకుని బయల్దేరాడు.