మేడ మీద ‘చుట్టాలు’ వైఫై: 1468 దగ్గర దొరికిన గుట్టు

దొరికింది! మా ఇంటి వైఫైలో పది రోజులుగా ఏడిపిస్తున్న చిక్కు నిన్న రాత్రి పన్నెండున్నరకు విడిపోయింది. మరిచిపోకముందే అంకెలతో సహా రాసి పెడుతున్నా.

ముందు బాగా కుదిరినవి. కింద రౌటర్‌లోనూ, మేడ మీద యాక్సెస్ పాయింట్‌లోనూ (అక్కడ వైఫై పంచే పెట్టె) ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీయే, అంటే రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేరే. వైఫై పేర్లు మూడు: మాకు ‘మా ఇల్లు’, వచ్చేపోయేవాళ్లకు ‘చుట్టాలు’, స్మార్ట్ ప్లగ్గులకు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇంకొకటి. మేడకి వెళ్లే కేబుల్ మీద ‘చుట్టాలు’ డేటా వీల్యాన్‌గా, అంటే ప్రతి ప్యాకెట్‌కీ ఒక ట్యాగ్ తగిలించి విడిగా, వెళ్తుంది. ‘చుట్టపక్కాలు’ అని పెట్టాలని ఎంతో ఉండేది గానీ పట్టలేదు. పేరుకు 32 బైట్లే హద్దు. తెలుగులో అక్షరానికీ, గుణింతానికీ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పోతాయి కాబట్టి అది 36 అయింది. ‘చుట్టాలు’ 24.

ఇక అసలు బాధ. మేడ మీద ‘చుట్టాలు’కి ఫోన్ కలుస్తుంది, 192.168.20 వరసలో ఐపీ వస్తుంది, వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది, యూట్యూబ్ కూడా ఆడుతుంది. ఫొటో మాత్రం దిగదు. కొన్ని సైట్లు తెల్ల పేజీ దగ్గరే నిలబడిపోతాయి. అదే యాక్సెస్ పాయింట్‌లో, అదే కేబుల్ మీద ‘మా ఇల్లు’కి ఏ లోటూ లేదు. కిందికి దిగితే ‘చుట్టాలు’ కూడా శుభ్రంగా పనిచేస్తుంది.

మొదట సిగ్నల్ అనుకున్నా. మైనస్ 52 డీబీఎం ఉంది, వంక పెట్టడానికి లేదు. ఛానెల్ 36 నుంచి 149కి మార్చా. వైఫై భద్రతా పద్ధతుల్లో డబ్ల్యూపీఏ3 తీసేసి డబ్ల్యూపీఏ2 ఒక్కటే ఉంచా. సైట్ల పేర్లకు అడ్రసులు చెప్పే డీఎన్ఎస్ మార్చా. ఫైర్‌వాల్‌లో ‘చుట్టాలు’ కోసం రాసిన రూల్స్, అంటే గెస్ట్ జోన్, మొత్తం చెరిపి మళ్లీ రాశా, రెండుసార్లు. దేనికీ లొంగలేదు. ఐదో రోజుకి వీల్యాన్లే వద్దు, అన్నీ పీకేద్దాం అన్నంత విసుగొచ్చింది.

మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేసి, “ఒరేయ్, ఎంటీయూ చూశావా? పీపీపీఓఈ అయితే 1492 ఉండాలిరా” అన్నాడు. ఎంటీయూ అంటే ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు. మాది లాగిన్ అడిగే పీపీపీఓఈ కనెక్షన్ కాదు అన్నయ్యా, ఐపీ దానంతటదే ఇచ్చే డీహెచ్‌సీపీ అన్నాను. కానీ ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. గెస్ట్ జోన్‌లో పింగ్‌ని (జవాబు వస్తుందో లేదో చూసే పరీక్ష ప్యాకెట్) అనుమతించి, మేడ మీద ల్యాప్‌టాప్ నుంచి ప్యాకెట్ ముక్కలు కాకుండా రౌటర్‌కే పింగ్ కొట్టా. 1400 బైట్లు వెళ్లింది. 1472 వెళ్లలేదు. 1460 వెళ్లింది, 1470 లేదు. అలా దగ్గర చేసుకుంటూ వస్తే 1468కి ఇరవైకి ఇరవై జవాబులు, 1469కి ఒక్కటీ లేదు. ఒక్క బైటు తేడా! సిగ్నల్ సమస్య ఇంత పదునుగా తెగదు.

కాగితం మీద కూడా చూశా. 1468కి పింగ్ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిపితే 1496. కేబుల్ మీద వెళ్లడానికి ఈథర్నెట్ చేర్చే 18 కలిపితే 1514. వీల్యాన్ ట్యాగ్ 4తో సరిగ్గా 1518. పాత ఈథర్నెట్ ఫ్రేముకి గరిష్ఠం అదే. ట్యాగ్ కోసం దాన్ని 1522కి పెంచింది 1998లో. రౌటర్‌కీ మేడకీ మధ్య, మెట్ల కింద ఏళ్లుగా పడి ఉన్న ఐదు పోర్టుల 100 మెగాబిట్ స్విచ్ 1518 దాటినదాన్ని కిక్కురుమనకుండా పారేస్తోంది. దాన్ని తప్పించి రెండు కేబుళ్లనూ జాయింటర్‌తో కలిపా. 1472 వెళ్లింది, ఫొటోలు దిగాయి.

‘మా ఇల్లు’కి ట్యాగ్ లేదు కాబట్టి దానికి ఇబ్బంది రాలేదు. యూట్యూబ్ క్విక్ అనే డేటా పంపే పద్ధతి మీద నడుస్తుంది, దాని ప్యాకెట్లు మొదటి నుంచీ చిన్నవి, అందుకే దూరిపోయింది. నన్ను ఎక్కువ తప్పుదోవ పట్టించింది ఆ యూట్యూబే. వీడియో ఆడుతుంటే కేబుల్‌నీ స్విచ్‌నీ అనుమానించాలని ఎవరికి తోస్తుంది!

స్విచ్ మూడో పోర్టులో టీవీ ఉంది కాబట్టి దాన్ని మళ్లీ పెట్టక తప్పలేదు. ప్రస్తుతానికి గెస్ట్ వీల్యాన్‌కి ఎంటీయూ 1496 పెట్టి, ఆ జోన్‌లో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (అవతలివాళ్లు చిన్న ప్యాకెట్లే పంపేలా ముందే హద్దు చెప్పడం) ఆన్ చేశా. నడుస్తోంది గానీ నాకిది తృప్తిగా లేదు. వచ్చే నెల చిన్న మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగల) గిగాబిట్ స్విచ్ కొంటా. వైఫై మీదే ఒకదానితో ఒకటి కలిసే పెట్టెల మెష్ కిట్ కొనేయమని చాలామంది చెప్పారు. మేడ మీదికి కేబుల్ లాగి ఉన్న ఇంట్లో గాలి మీద ఆధారపడడం నాకు ఇష్టం లేదు.

పేర్లు మూడుకి మించి పెంచను. ఒక్కో పేరుకీ దాదాపు ప్రతి 102 మిల్లీసెకన్లకు ఒక బీకన్ (‘ఈ వైఫై ఉంది’ అని చాటే సందేశం) వెళ్తుంది, 2.4లో అసలే ఇరుకు. అసలు వైఫై పేరు ఒకటే ఉంచి, కొట్టిన పాస్‌వర్డ్‌ను బట్టి వేరే వీల్యాన్‌లో పడేలా చేయొచ్చు. యాక్సెస్ పాయింట్‌లో వైఫైని నడిపే హోస్ట్ఏపీడీ అనే ప్రోగ్రామ్‌లో ఆ వీలుంది. సంక్రాంతికి పిల్లలంతా దిగేలోపు మేడ మీద ఒక్క రేడియోలో అది పెట్టి చూడాలి, ముందు 5 గిగాహెర్ట్జ్‌లోనే.