హిలో ఊళ్ళో హూలా వారం

హవాయి పెద్ద దీవిలో, కోనా వైపు ఒక రిసార్టులో మనిషికి 170 డాలర్లు పోసి లువావు అనే ఆటపాటల విందుకి వెళ్ళాం. రాజమండ్రి నుంచి అమ్మ వచ్చింది, హవాయి చూపించాలి, హవాయి అంటే అక్కడి నాట్యం హూలా చూపించాలి అని నా పట్టుదల. బఫే దగ్గర తోపులాట, మైకులో అరుపులు. పది నిమిషాలకో దీవి చొప్పున పసిఫిక్ మొత్తం చుట్టబెట్టేశారు. నాట్యం చేసిన పిల్లలు బాగానే చేశారు, పాపం చెమటలు కక్కుతూ చేశారు. కానీ వచ్చినవాళ్ళంతా ప్లేట్ల మీద వంగి ఉన్నారు. అమ్మ కాసేపు అటూ ఇటూ చూసి, "ఏమే, ఈ పిల్లలు ఎవరికోసం ఆడుతున్నారు? తలెత్తి చూసేవాళ్ళే లేరు కదా" అంది. పోయిన డబ్బుకంటే ఆ మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ కోపం దిగకుండానే దీవికి అటువైపున్న హిలోకి వెళ్ళే శాడిల్ రోడ్ ఎక్కాం. ఎడమ పక్క మౌనా కెయా కొండ, కుడి పక్క మౌనా లోవా కొండ, మధ్యలో నల్లటి లావా మైదానం. కోనాలో మండిన ఎండ కొండ దాటేసరికి మాయమై, హిలో దిగుతుంటే పొగమంచు, ఆపైన వాన. అక్కడ వాన పడని రోజు దొరకడం కష్టం. మేము వెళ్ళింది ఈస్టర్ వారం. ఆ వారమంతా హిలోలో మెర్రీ మోనార్క్ అనే హూలా ఉత్సవం. మామూలప్పుడు 150 డాలర్లుండే గది 340 అన్నారు. ఇంకెక్కడా ఖాళీ లేదు, ఇచ్చేశాం. అద్దె కారు ధర సంగతి ఎత్తితే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

హిలో అందానికి ముస్తాబు చేసుకున్న ఊరు కాదు. పాత చెక్క దుకాణాలు, తుప్పు పట్టిన రేకులు, సముద్రం ఒడ్డున ఇళ్ళూ అంగళ్ళూ లేని పొడవాటి పచ్చిక. ఇంత మంచి చోటు ఖాళీగా ఎందుకు వదిలేశారని అమ్మ అడిగింది. జవాబు కమెహమెహా అవెన్యూలోనే ఉంది. అక్కడ ఒక స్తంభం మీద గడియారం 1:04 దగ్గర ఆగిపోయి ఉంటుంది. 1960 మే 23, అర్ధరాత్రి దాటాక, చిలీ భూకంపం నుంచి బయల్దేరిన సునామీ ఈ ఊరిని కొట్టింది. 61 మంది పోయారు. అంతకుముందు 1946లో వచ్చింది ఇంకా ఘోరం. రెండోసారి తర్వాత ఒడ్డున మళ్ళీ కట్టడం మానేసి, ఆ నేలని పార్కులుగా వదిలేశారు. కుదేలైన ఊళ్ళోకి మళ్ళీ జనం రావాలి, నాలుగు డబ్బులు తిరగాలి అని 1963లో పుట్టిన ఆలోచనే ఈ ఉత్సవం, మరుసటి ఏడాది మొదలైంది. తొలి రోజుల్లో, ఒకప్పుడు హవాయిని ఏలిన కలాకౌవా రాజుగారి గడ్డం ఎవరికి బాగా పోలుతుందో చూసే పోటీ కూడా పెట్టేవారట. హూలా పోటీ 1971లో వచ్చింది, తొమ్మిది ఆడవాళ్ళ జట్లతో. మగవాళ్ళ జట్లు 1976లో చేరాయి. ఇప్పుడు హూలా నేర్చినవాళ్ళకి ఇంతకు మించిన వేదిక లేదు.

పోటీలు గురు, శుక్ర, శనివారాల్లో. వాటి టిక్కెట్లకి నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టాను, దొరకలేదు. బుధవారం రాత్రి మాత్రం హోయికె అని ప్రదర్శన ఉంటుంది, దానికి టిక్కెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. కాబట్టి మధ్యాహ్నం నుంచే క్యూ. మేము చేరేసరికే అది స్టేడియం గోడ చుట్టూ తిరిగి రోడ్డు దాకా వచ్చింది. నాకు టెన్షన్, లోపలికి వెళ్తామో లేదో అని. అమ్మకి మోకాళ్ళ నొప్పులు.

మా ముందు ఒక పెద్దావిడ మడత కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన ఐస్ పెట్టె, దాన్నిండా తడి గుడ్డలో చుట్టిన ఫెర్న్ ఆకులూ పూలూ. ఒళ్ళో సగం అల్లిన లేయ్, అంటే దండ. అక్కడ పెద్దవాళ్ళందరినీ ఊరంతా ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, కాబట్టి మాకూ ఆవిడ ఆంటీయే. అమ్మ నిలబడి ఉండటం చూసి, మనవడిని కారు దగ్గరికి పంపి ఇంకో కుర్చీ తెప్పించింది. మేమెవరమో, ఎక్కడినుంచి వచ్చామో ఇంకా అడగనేలేదు.

కూర్చున్న రెండు నిమిషాలకి అమ్మ ముక్కు ఎగబీల్చింది. "మల్లెపూలే!" నిజంగా మల్లెపూలే. మన తోటల్లో ఉండే మల్లె చెట్టే అది, అక్కడ పికాకె అంటారు. ఆంటీ మెడలో తెల్లటి మొగ్గల దండ మూడు పేటలు. మూర ఎంతో అడగమంది అమ్మ. నేను అడిగాను. బజార్లో ఒక్క పేట 20 డాలర్లకి తక్కువ రాదంది ఆంటీ. అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ ముఖం చూసి ఆంటీ పకపకా నవ్వి, పెట్టెలోంచి ఒక సంచెడు విడి మొగ్గలు తీసి అమ్మ చీర ఒళ్ళో కుమ్మరించింది. పెరట్లోవేనట.

దారం, సూది కూడా ఇవ్వబోయింది. అక్కడ మొగ్గని సూదితో గుచ్చి దండ చేస్తారు. అమ్మ సూది తీసుకోలేదు. దారం కొస కాలి బొటనవేలికి చుట్టి, ఇటు రెండు మొగ్గలు, అటు రెండు మొగ్గలు పెట్టి, చూపుడు వేలి మీదుగా దారం తిప్పి లాగి ముడి బిగించింది. మళ్ళీ రెండు, మళ్ళీ రెండు. ఆంటీ తన పని ఆపేసి చూస్తూ ఉండిపోయింది. "ఇంకోసారి, మెల్లగా" అంది. అమ్మ మెల్లగా చూపించింది. ముందూ వెనకా ఉన్న నలుగురైదుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కూడా రాని మా అమ్మ, తెలుగు ముక్క రాని ఆంటీ, నా అవసరం లేకుండానే గంటసేపు మాట్లాడుకున్నారు. ఈ ప్రయాణంలో నేను అమ్మని అంత హుషారుగా చూసింది అప్పుడే.

ఆంటీ అల్లుతున్న లేయ్ శుక్రవారం పోటీలో ఆడే మనవరాలికి. అందులో ఎర్రగా ఉండాల్సింది లెహువా పువ్వు. ఆ పువ్వు పూసే ఓహియా చెట్లకి ఈ దీవిలో శిలీంధ్రం తెగులు పట్టి లక్షల చెట్లు చచ్చిపోయాయి. మంచి చెట్టుకి చిన్న గాటు పడినా తెగులు లోపలికి దిగుతుంది. అందుకని హూలా గురువులే ఆ పూలూ చివుళ్ళూ కోయొద్దనుకున్నారు. ఆంటీ ఆ స్థానంలో వేరే ఎర్ర పూలు పెడుతోంది. "పెలేకి తెలుసు, మేము ఎందుకు కోయట్లేదో" అంది. పెలే అగ్నిపర్వతం దేవత. ఆవిడ ఉండే కిలౌయా అక్కడికి 50 కిలోమీటర్లలోపే. ఆ మాట చెప్పేటప్పుడు ఆంటీ గొంతులో బెంగ ఉంది. అడవి బాగుంటేనే నాట్యం బాగుంటుందని వాళ్ళు మాటవరసకి అనడం లేదు, చేసి చూపిస్తున్నారు.

ఈలోగా లాస్ వేగాస్ నుంచి ఆంటీ చెల్లెలు కుటుంబం వచ్చి కలిసింది. ఇళ్ళ ధరలు భరించలేక వాళ్ళు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. 2020 జనాభా లెక్కల నాటికే హవాయి మూలవాసుల్లో సగానికి పైగా దీవుల బయట బతుకుతున్నారు. సంక్రాంతికి మనవాళ్ళు బస్సు ఎంతైనా ఇచ్చి ఊరికి చేరినట్టు వీళ్ళు ఈ వారానికి హిలో చేరతారు. కౌగిలింతలు, కన్నీళ్ళు, అక్కడే పెట్టె తెరిచి పంచిన కులోలో ముక్కలు. చేమదుంప తురుము, కొబ్బరిపాలు, పంచదార కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు దాన్ని. శాకాహారి అయిన మా అమ్మకి ఆ దీవిలో నోటికి నచ్చిన మొదటి వంటకం అదే. రెండు ముక్కలు తిని మూడోది కొంగులో దాచుకుంది. వాన రెండుసార్లు పడి ఆగింది. క్యూలోంచి ఒక్కరు కదల్లేదు.

స్టేడియం పేరు ఈడిత్ కనకాఓలెది. ఎవరావిడ అని అడిగితే ఆంటీ పర్సులోంచి పావలా డాలరు నాణెం తీసి నా చేతిలో పెట్టింది. 2023లో అమెరికా ప్రభుత్వం వేసిన నాణెం. మీద ఆవిడ ముఖం, జుట్టు కొండలూ నేలా అయిపోయినట్టు చెక్కారు. హూలా గురువు, మంత్రగానం చేసేది, హవాయి భాషని బడుల్లోకి తిరిగి తేవడానికి పాటుపడింది.

లోపల పైకప్పు ఉంది, పక్కలు తెరిచే ఉంటాయి. వేదిక మామూలు చెక్కది. రంగుల లైట్లు లేవు. తహితీ నుంచి వచ్చినవాళ్ళు ఆడారు, ఊళ్ళో పిల్లలు ఆడారు. ఆ తర్వాత మగవాళ్ళ జట్టు ఒకటి వచ్చింది, కహికో ఆడటానికి. కహికో అంటే పాత పద్ధతి హూలా. వీణల్లేవు, గిటార్లు లేవు. గురువు ఒకాయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెండు సొరకాయ బుర్రలు ఒకదానిమీద ఒకటి అతికించిన ఇపు హెకెని చాప మీద మోది, అరచేత్తో కొట్టి గొంతెత్తాడు. అంతే వాద్యం. ముప్ఫై జతల పాదాలు ఒకే దెబ్బగా పడ్డాయి. నేల అదురు మా బెంచీ దాకా వచ్చింది. ఒక్కో చరణం అయ్యేసరికి ఆటగాళ్ళే తర్వాతి చరణం మొదటి మాటని అరిచి గురువుకి అందిస్తున్నారు. చేతులు ఎగసే నిప్పుని, దిగే లావాని చూపిస్తున్నాయి, కళ్ళు ఆ చేతుల వెంటే వెళ్తున్నాయి. ఆంటీ పెదవులు ప్రతి మాటకీ కదులుతున్నాయి. మా వెనక వరసలో పదేళ్ళ పిల్లవాడి పెదవులు కూడా. ఎవరి ప్లేటూ లేదు, ఎవరూ తల దించలేదు.

ఈ నాట్యాన్ని ఒకప్పుడు నలుగురిలో ఆడనివ్వలేదు. 1820లో మిషనరీలు వచ్చారు. పదేళ్ళకి కాహుమను రాణి బహిరంగంగా హూలా ఆడొద్దని ఆజ్ఞ ఇచ్చింది. యాభై ఏళ్ళు అది పెరళ్ళలో, మారుమూల పల్లెల్లో తలదాచుకుంది. 1883లో కలాకౌవా తన పట్టాభిషేకానికి దాన్ని రాజభవనం ముంగిట్లో ఆడించాడు. ఆ కార్యక్రమంలో పాటల పేర్లు అచ్చువేశారని అశ్లీలం కేసు పెట్టారు. ఉత్సవానికి పెట్టిన మెర్రీ మోనార్క్, అంటే ఉల్లాసపు రాజు అన్న పేరు, ఆయన బిరుదే. ప్రపంచం చుట్టి వచ్చిన మొదటి రాజు ఆయన. 1881లో మన దేశానికీ వచ్చి, కలకత్తా నుంచి బొంబాయికి రైల్లో వెళ్ళాడు.

ఇదంతా గదికి వచ్చాక చెబుతుంటే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ నాయనమ్మ చెప్పిన మేజువాణీల సంగతి ఎత్తింది. గోదావరి పెళ్ళిళ్ళలో రాత్రంతా పదాలు పాడి అభినయించిన నర్తకీమణులు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టం కావాల్సిందే, ఆ ఆడపిల్లల బతుకులు అలా ఉండకూడదు. కానీ వాళ్ళ విద్యని కూడా సిగ్గుపడాల్సిన వస్తువుగా చేసి బయటికి నెట్టేశాం. నటరాజ రామకృష్ణగారు ముసలివాళ్ళయిపోయిన ఆ కళాకారిణుల గడపలు ఎక్కి, నేర్చుకుని, ఆంధ్రనాట్యంగా నిలబెట్టారు కాబట్టి కొంతైనా మిగిలింది. "మా పక్కవీధిలోనే ఒకావిడ ఉండేది, పిల్లల్ని ఆ ఇంటివైపు వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు" అంది అమ్మ. ఆవిడకి ఎన్ని పదాలు వచ్చో ఎవరూ అడగలేదు. ఆ ఒక్క మాటకి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హిలోలో ఆ ముసలమ్మ పేరు స్టేడియానికి పెట్టేవాళ్ళు.

మిగతా రోజులు వానలో, చేతిపనుల సంతలో గడిచాయి. చెక్క గిన్నెలు చూసి మురిసి, ధర చూసి మళ్ళీ అక్కడే పెట్టేశాం. శనివారం పొద్దున ఊరేగింపు. గుర్రాల మీద పావు ఆడవాళ్ళు, అంటే పాదాలు దాటి వేలాడే పరికిణీలు కట్టిన రౌతులు. ఒక్కో దీవికి ఒక్కో రంగు, ఒక్కో పువ్వు. మోలొకాయికి ఆకుపచ్చ, కవాయికి ఊదా, ఈ దీవికి ఎరుపు. గుర్రాల మెడల్లో కూడా దండలే. వాళ్ళ వెనక బడి పిల్లల బ్యాండు, అగ్నిమాపక వాహనం, ఊళ్ళో డాక్టర్ల సంఘం. రోడ్డు పక్కన కూర్చున్నవాళ్ళకీ నడిచేవాళ్ళకీ పేర్లు తెలుసు, ప్రతి రెండడుగులకీ ఎవరో ఒకరు ఆగి ముద్దు పెట్టుకుంటారు. ఊరేగింపు నత్తనడక నడవడానికి కారణం అదే.

పోటీలు మోటెల్ టీవీలో చూశాం. అక్కడి టీవీలో మూడు రాత్రులూ నేరుగా వస్తాయి, ఊరంతా అదే చూస్తుంది. మా పక్క గదివాళ్ళు తలుపు తీసి పెట్టుకున్నారు, వాళ్ళ కేకలు బట్టి ఎవరు బాగా చేశారో మాకు తెలిసిపోయేది. ప్రవేశం, నిష్క్రమణ, చేతులు, పాదాలు, వేషం, పూలు, అన్నింటికీ మార్కులే. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చిత్తుకాగితం మీద తన మార్కులు తను వేసింది. శుక్రవారం ఆంటీ మనవరాలి జట్టు వచ్చినప్పుడు, "ఆ మూడో వరస పిల్ల, చూడు, ఆ దండ నేను చూస్తుండగా అల్లిందే" అని మంచం మీంచి లేచి నిలబడింది. ఆ పిల్లే అవునో కాదో టీవీలో తేలేది కాదు, నేను వాదించలేదు. శనివారం అర్ధరాత్రి ఫలితాలు చెప్పినప్పుడు వాళ్ళకి బహుమతి రాలేదు. అమ్మకి కోపం వచ్చింది. న్యాయనిర్ణేతలు పాదాలు సరిగ్గా చూడలేదంది. పక్కగది ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి, అవునని తలూపి, ఇద్దరూ వరండాలో చాలాసేపు ఆ పాదాల గురించే చేతులతో చెప్పుకున్నారు.

2027లో ఈస్టర్ మార్చి 28న వస్తోంది. టిక్కెట్ల దరఖాస్తు ఈసారి తన పేరు మీద కూడా పెట్టమని అమ్మ రాజమండ్రి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా గుర్తు చేస్తోంది.